ట్యాపెట్ గ్యాప్ నిలవడం లేదు, ఎయిర్ క్లీనర్‌లోకి ఊదుతోంది: క్యామ్ పోయినట్టేనా?

మూడు సిలిండర్లు
పాత మూడు సిలిండర్ల డీజిల్ ట్రాక్టర్. క్యామ్ షాఫ్ట్ (తిరుగుతూ వాల్వులని తెరిపించే గుబ్బల ఇరుసు) బ్లాకులోనే ఉంటుంది, దాని మీద ఆనే ట్యాపెట్లు, పైకి పుష్ రాడ్లు, వాల్వులని నొక్కే రాకర్లు. రెండో సిలిండర్ మిస్ కొడుతోంది. రెండో ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు) 0.30 మి.మీ. పెట్టి బిగిస్తే కొద్ది గంటల పనికే 0.60 దాకా పోతోంది. లాక్ నట్ వదలడం లేదు, పెయింట్ గీత పెట్టి చూశాను, కదల్లేదు. లోడ్ పడితే ఎయిర్ క్లీనర్ వైపు నుంచి బుస్సు బుస్సుమని వెనక్కి ఊదుతోంది. నోజిళ్లు మార్చాం, పంపు క్యాలిబ్రేషన్ చేయించాం, ఇసుమంత తేడా లేదు. ఇప్పుడు హెడ్ దింపమంటున్నారు. హెడ్ జోలికి పోకుండా తేల్చే దారి ఏదైనా ఉందా?

నూనె మరక
ముందు నోజిళ్లు, తర్వాత పంపు, ఇప్పుడు హెడ్. ఈ వరసలో ఆఖర్న మారేది ఓనరే.

పాత ఇనుము
వెనక్కి ఊదుతోందంటే ఇన్‌టేక్ వాల్వ్ కాలింది. హెడ్ దింపాల్సిందే, ఆలోచించడానికేముంది ఇందులో.

ఫీలర్ గేజ్
పాత ఇనుము అన్నా, అది ఒక కారణం మాత్రమే. ఎగ్జాస్ట్ లోబ్ (క్యామ్ మీద ఆ వాల్వ్‌ని ఎత్తే గుబ్బ) అరిగినా ఇలాగే ఊదుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా తెరుచుకోకపోతే కాలిన గ్యాస్ సిలిండర్‌లోనే మిగిలిపోతుంది. ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోగానే ఆ ప్రెజర్ అంతా మానిఫోల్డ్‌లోకి ఎగదన్నుతుంది. ఈ రెండిట్లో ఏదో తేల్చడం సులువే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి మూడు పోర్టులూ పక్కపక్కన చూడండి. రెండోది ఒక్కటే మసిబారి నల్లగా ఉంటే రెండో సిలిండర్ ఖాయమైనట్టు. తర్వాత ఆ సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీలో (వాల్వులు రెండూ మూసి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోట) నిలిపి, నోజిల్ తీసి ఆ రంధ్రం గుండా గాలి పెట్టండి. బండి గేర్‌లో, బ్రేకు మీద ఉండాలి, లేకపోతే గాలి ప్రెజర్‌కి క్రాంక్ తిరుగుతుంది.
గాలి ఇన్‌టేక్‌లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. ఎక్కడా పెద్దగా లీకు లేకపోయినా ఊదడం మాత్రం ఉందంటే వాల్వులది తప్పు కాదు, వాటిని తెరిచేదానిది.

పాత ఇనుము
కంప్రెషన్ గేజ్ పెడితే సరిపోదా? గాలి పెట్టడానికి అందరి దగ్గరా కంప్రెసర్ ఉండదు.

ఫీలర్ గేజ్
ఎగ్జాస్ట్ లోబ్ అరిగినప్పుడు కంప్రెషన్ మామూలుగానే చూపిస్తుంది, దాన్ని నమ్మితే మోసపోతాం. ఇన్‌టేక్ లోబ్ అరిగితే మాత్రం గాలి సరిగ్గా లోపలికి పోదు కాబట్టి కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు రింగులు పోయాయనుకుని లైనర్ సెట్టు మార్చేస్తారు, బండి మాత్రం అలాగే ఉంటుంది. కంప్రెషన్ తక్కువ, గాలి పెడితే లీకు లేదు అంటే ఇన్‌టేక్ లోబ్‌ని అనుమానించాలి.

కొత్త స్పానర్
గ్యాప్ పెరుగుతోందంటే క్యామ్ అరుగుతోందని అర్థం కదా? ఇంకా పరీక్షలెందుకు?

పుష్‌రాడ్ పంతులు
కాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్యాప్ కొలిచేటప్పుడు ట్యాపెట్ ఎక్కడ కూర్చుని ఉంటుంది? లోబ్ ముక్కు మీద కాదు, వెనక గుండ్రం భాగం మీద. ముక్కు 2 మి.మీ. అరిగిపోయినా వెనక భాగం బాగుంటే గ్యాప్ వెంట్రుకవాసి కూడా మారదు. గ్యాప్ పక్కాగా 0.30 ఉండి, లోబ్ సగం మాయమైన ఇంజన్లు ఉంటాయి. అంటే గ్యాప్ సరిగ్గా ఉంది కదా అని క్యామ్ బాగుందనుకోకూడదు.
మరి గ్యాప్ పెరిగేది ఎందుకంటే, ట్యాపెట్ ముఖం గుంట పడుతుంది. లేదా పుష్ రాడ్ గుండు, రాకర్ కప్పు, రాకర్ షాఫ్టు, రాకర్ కొన అరుగుతాయి, పుష్ రాడ్ వంగుతుంది. వాల్వ్ సీటు లోపలికి దిగితే గ్యాప్ తగ్గుతుంది, పెరగదు. మీ కేసులో గ్యాప్ పెరగడం, వెనక్కి ఊదడం రెండూ ఉన్నాయి కాబట్టి ట్యాపెట్, లోబ్ రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తున్నాయని నా అనుమానం. అనుమానమే. తేల్చాల్సింది లిఫ్ట్, అంటే వాల్వ్ ఎంత తెరుచుకుంటోందన్నది.

డీజిల్ బాబాయ్
పంతులు చెప్పింది అక్షరాలా నిజం. ఒక చిన్న మాట కలుపుతాను. రాకర్ కొన మీద గుంట పడి ఉంటే ఫీలర్ బ్లేడు (గ్యాప్ కొలిచే పలచటి రేకు) గుంటకి అడ్డంగా పడుకుంటుంది. చేతికి 0.30 తగులుతుంది కానీ అసలు గ్యాప్ 0.45 ఉంటుంది. కొన నున్నగా ఉందో లేదో చూడకుండా ఫీలర్‌ని నమ్మొద్దు.

మూడు సిలిండర్లు
రాకర్ కొనలు చూశాను, సన్నటి మెరుపు గీత తప్ప గుంటల్లేవు. పుష్ రాడ్లు అద్దం మీద దొర్లించాను, తిన్నగానే ఉన్నాయి. లిఫ్ట్ ఎలా కొలవాలో వివరంగా చెప్పండి. డయల్ గేజ్ దొరుకుతుంది.

ఫీలర్ గేజ్
నోజిళ్లు మూడూ తీసేయండి, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. అన్ని వాల్వులకీ గ్యాప్ ఒకేలా పెట్టండి, లేకపోతే ఆ తేడా కూడా లెక్కలో కలుస్తుంది. డయల్ గేజ్‌ని అయస్కాంతం స్టాండుతో హెడ్ మీద నిలబెట్టి, ముల్లు వాల్వ్ స్ప్రింగ్ పై ప్లేటు మీద, వాల్వ్ కాండానికి సమాంతరంగా ఆనించండి. ముల్లు ఏటవాలుగా ఉంటే అంకె తప్పుతుంది. వాల్వ్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు సున్నా పెట్టి, క్రాంక్‌ని అది తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పండి. గరిష్ఠం ఎంతొచ్చిందో రాసుకోండి. ఆరు వాల్వులకీ అలాగే, ఒక్కోదానికి రెండుసార్లు.
ఇన్‌టేక్‌ని ఇన్‌టేక్‌తోనే, ఎగ్జాస్ట్‌ని ఎగ్జాస్ట్‌తోనే పోల్చాలి. కొన్ని క్యామ్‌లలో రెండిటి లిఫ్టూ ఒకటి కాదు. ఒకే రకం వాల్వుల మధ్య 0.25 మి.మీ. తేడా ఉంటే కన్నేసి ఉంచాలి, 0.5 దాటితే ఆ లోబ్ అయిపోయినట్టే.

కొత్త స్పానర్
డయల్ గేజ్ లేనివాళ్ల సంగతి?

ఫీలర్ గేజ్
వెర్నియర్‌కి వెనక బయటికొచ్చే లోతు కొలిచే పుల్ల ఉంటుంది కదా, అది చాలు. రాకర్ షాఫ్ట్ స్టాండు లాంటి కదలని చోటు నుంచి స్ప్రింగ్ ప్లేటు దాకా, మూసినప్పుడు ఒకసారి, పూర్తిగా తెరిచినప్పుడు ఒకసారి కొలిచి తీసెయ్. 0.1 అటూ ఇటూ వస్తుంది. పోయిన లోబ్ 1 మి.మీ. పైనే తగ్గుతుంది కాబట్టి ఆ మాత్రం తప్పు వల్ల నష్టం లేదు.

పుష్‌రాడ్ పంతులు
వాల్వ్ దగ్గర కొలిస్తే రాకర్ నిష్పత్తి కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. రాకర్ రెండు చేతులూ సమానం కాదు, వాల్వ్ వైపుది పొడుగు. నిష్పత్తి 1.4 ఉంటే వాల్వ్ దగ్గర 1.4 మి.మీ. తక్కువ కనిపించినప్పుడు లోబ్ మీద అరిగింది 1 మి.మీ. అన్నమాట. రాకర్ల మీద అనుమానం ఉంటే షాఫ్టు దింపేసి డయల్ ముల్లుని నేరుగా పుష్ రాడ్ నెత్తి మీద పెట్టండి. స్ప్రింగు బరువు కూడా ఉండదు.

ఐడ్లర్ గేరు
ఇంకో తేలికపాటి పరీక్ష. రాకర్ కవర్ తీసి ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి పుష్ రాడ్లు చూడండి. బాగున్నవి మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటాయి. తిరగనిది ఏదో ఆ లోబ్ చచ్చింది. సుద్దతో గీత పెడితే ఇంకా బాగా కనిపిస్తుంది.

లేత్ మాస్టారు
సూచనగా బాగుంటుంది గానీ తీర్పుగా పనికిరాదు. ట్యాపెట్ తిరుగుతున్నా దాని కప్పులో పుష్ రాడ్ గుండు జారుతుంటే రాడ్ కదలదు. తిరిగితే సంతోషం, తిరక్కపోతే కొలవండి. అంతవరకే.

మూడు సిలిండర్లు
కొలిచాను. వాల్వ్ దగ్గర, మి.మీ.లలో, ఒకటి రెండు మూడు సిలిండర్ల వరసలో:
ఇన్‌టేక్ 9.7, 9.6, 9.7
ఎగ్జాస్ట్ 9.6, 6.9, 9.5
ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా విప్పాను. రెండో పోర్టు కాటుక రాసినట్టుంది, మిగతా రెండూ శుభ్రం. ఐడ్లర్ గేరు అన్న చెప్పిన సుద్ద గీత పరీక్షలో రెండో ఎగ్జాస్ట్ రాడ్ అస్సలు తిరగలేదు.

నూనె మరక
6.9! పాపం ఆ వాల్వ్ తలుపు సందులోంచి తొంగి చూస్తోంది.

పాత ఇనుము
సరే, నా మాట వెనక్కి తీసుకున్నా. హెడ్ బతికిపోయింది.

డీజిల్ బాబాయ్
ఇప్పుడు ఆయిల్ దించి ఫిల్టర్ కోసి చూడండి. కాగితం మడతలు విప్పి డీజిల్‌లో కడిగి, ఆ డీజిల్‌లో అయస్కాంతం తిప్పండి. అయస్కాంతానికి అంటుకునే మెరుపు రేకులు ట్యాపెట్, లోబ్‌లవి. అంటుకోని పసుపు, రాగి రంగువి బుష్‌లవి. మెత్తటి బూడిద రంగు పొరలు వస్తే క్రాంక్ మీది మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులవి. సంప్ (ఇంజన్ కింద ఆయిల్ తొట్టి) ఎలాగూ విప్పుతారు కాబట్టి ఒక బిగ్ ఎండ్ క్యాప్ విప్పి షెల్ (బేరింగు రేకు) చూడండి. గట్టి ఇనుప రజను మెత్తటి షెల్‌లో దిగబడి క్రాంక్‌ని గీకుతుంది. క్యామ్ మార్చి దీన్ని వదిలేస్తే తర్వాతి వంతు క్రాంక్‌దే. ఆయిల్ పంపు జాలీ కూడా తీసి కడగాలి.

ఐడ్లర్ గేరు
సంప్ అంటే గుర్తొచ్చింది. చాలా ట్రాక్టర్లలో సంప్ రేకుది కాదు, పోత ఇనుముది, ముందు యాక్సిల్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. రేడియేటర్, ముందు సపోర్టు విప్పాలంటే ఇంజన్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. యాక్సిల్‌కీ సపోర్టుకీ మధ్య రెండు వైపులా చెక్క చీలలు కొట్టాకే బోల్టులు వదలండి. యాక్సిల్ మధ్య పిన్ను మీద ఊగేది కాబట్టి చీలలు లేకపోతే ముందు భాగం పక్కకి ఒరిగిపోతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు.

మూడు సిలిండర్లు
ఫిల్టర్ కోశాను. అయస్కాంతానికి మెరుపు రజను, గోరంచంత రేకులు రెండు మూడు. రాగి రంగు ఏమీ లేదు. ఇంకొకటి, డిప్ స్టిక్ మీద ఆయిల్ పై గీత కంటే పైకి ఉంది. నేను ఎక్కువ పోయలేదు.

డీజిల్ బాబాయ్
దొరికింది దొంగ. ఆయిల్ మట్టం దానంతటదే పెరిగిందంటే డీజిల్ కలుస్తోంది. లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) డయాఫ్రమ్ చిరిగినా, ఇంజెక్షన్ పంపు షాఫ్ట్ సీలు పోయినా డీజిల్ సంప్‌లోకి దిగుతుంది. క్యామ్ లోబ్‌లకి చాలా పాత ఇంజన్లలో ప్రెజర్ ఆయిల్ రాదు, క్రాంక్ చిమ్మే ఆయిలూ పైనుంచి కారే ఆయిలే దిక్కు. ఆయిల్ పలచబడితే మెయిన్ బేరింగులకంటే ముందు లోబ్‌లే పోతాయి. డిప్ స్టిక్ చుక్కని కాగితం మీద వేసి చూడండి. చుట్టూ పలచటి తడి వలయం బాగా పాకితే డీజిల్ ఉన్నట్టే.
ఇది సరిచేయకుండా కొత్త క్యామ్ వేస్తే ఆ కొత్తదీ ఇదే దారి పడుతుంది.

పుష్‌రాడ్ పంతులు
బాబాయ్ చెప్పింది ప్రధాన కారణం కావచ్చు. కానీ ఒక్క లోబే ఎందుకు పోయిందో కూడా చూడాలి, ఆయిల్ అందరికీ ఒకటే కదా. విప్పినప్పుడు ఇవి చూడండి:
ఆ ట్యాపెట్ తన రంధ్రంలో స్వేచ్ఛగా తిరుగుతోందా? జిగురు పట్టి బిగుసుకుంటే ఒకే చోట రాపిడి పడుతుంది.
ఆ వాల్వ్ స్ప్రింగు పూర్తి లిఫ్ట్‌లో చుట్లు ఒకదానికొకటి తగిలిపోతున్నాయా? చుట్ల మధ్య ఖాళీలన్నీ కలిపి కనీసం 1 మి.మీ. మిగలాలి. ఏదో ఒక స్ప్రింగు పడిందిలే అని వేసిన చోట ఈ తంటా వస్తుంది.
వాల్వ్ గైడులో పట్టేస్తోందా?
గ్యాప్ ఎక్కువగా ఉండగానే చాలాకాలం నడిపారా? లోబ్ మొదట్లో ట్యాపెట్‌ని మెల్లగా ఎత్తుకునే చిన్న వాలు ఉంటుంది. గ్యాప్ ఆ వాలు ఎత్తుని దాటితే ట్యాపెట్ నేరుగా లోబ్ పక్క మీద సుత్తి దెబ్బలా పడుతుంది. మీ 0.60 అలాంటిదే.

కొత్త స్పానర్
ఐడ్లింగ్‌లో గంటల తరబడి వదిలేస్తే ఇంజన్‌కి విశ్రాంతి అంటారు కదా, క్యామ్‌కి మంచిదేగా?

పుష్‌రాడ్ పంతులు
తిరగబడింది లెక్క. లోబ్ ముక్కు మీద ఎక్కువ ఒత్తిడి పడేది నెమ్మది వేగంలోనే. వేగం పెరిగితే ట్యాపెట్, పుష్ రాడ్‌ల ఊపు స్ప్రింగు బలాన్ని ముక్కు దగ్గర కొంత తగ్గిస్తుంది. ఐడ్లింగ్‌లో స్ప్రింగు బలం మొత్తం ముక్కు మీదే. పైగా ఆయిల్ చిమ్మడం కూడా తక్కువ.

మూడు సిలిండర్లు
అయితే ఆ ఒక్క ట్యాపెట్ మార్చి, క్యామ్‌ని లేత్‌లో పాలిష్ పట్టిస్తే కుదరదా? మిగతా అయిదూ బాగానే ఉన్నాయిగా.

లేత్ మాస్టారు
6.9 కొట్టిన లోబ్‌కి పాలిష్ పట్టి ఏం లాభం? పోయిన లోహం పాలిష్‌తో తిరిగి రాదు. దారులు మూడు.
కొత్త క్యామ్, ఆరు కొత్త ట్యాపెట్లు. దొరికితే ఇదే.
గ్రైండింగ్. అన్ని లోబ్‌ల వెనక భాగాన్నీ సమానంగా తగ్గించి లిఫ్ట్ తిరిగి రాబట్టడం. రాకర్ అడ్జస్టర్ మర అంత మేర కిందకి దిగాలి, మర మిగిలిందో లేదో ముందే చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, స్టీలు క్యామ్‌లకి గట్టి పొర పైపైనే ఉంటుంది. దాన్ని దాటి కోస్తే లోపల మెత్తన. గ్రైండింగ్ అయ్యాక హార్డ్‌నెస్ చూపించమని అడగండి, లేదా కొత్త ఆకురాయితో లోబ్ అంచున గీకండి. ఆకురాయి జారితే మంచిది, పట్టి కోస్తే ఆ క్యామ్ వేయొద్దు.
వెల్డింగ్‌తో పోసి ప్రొఫైల్‌కి గ్రైండ్ చేయడం. స్టీలు క్యామ్‌కి వేడి చేసి, గట్టి రాడ్‌తో పోసి, మెల్లగా చల్లార్చి చేస్తే నడుస్తుంది. పోత ఇనుప క్యామ్‌కి పగుళ్లొస్తాయి, నేనైతే ఒప్పుకోను. ఏది చేసినా షాఫ్టు వంగుతుంది కాబట్టి చివరి జర్నళ్లని (షాఫ్టు బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలని) వీ బ్లాకుల మీద పెట్టి, మధ్య జర్నల్ మీద డయల్ పెట్టి తిప్పి చూడాలి. 0.05 మి.మీ. దాటితే సరిచేయాలి.
పాత ట్యాపెట్ కొత్త లోబ్ మీద వేయడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. పాత లోబ్ మీద కొత్త ట్యాపెట్ కొంతవరకు నయం, కానీ అరిగిన లోబ్ మీద అదీ కాదు.

పాత ఇనుము
ట్యాపెట్లు ఎమెరీ పేపరు గాజు పలక మీద పెట్టి రుద్దితే నున్నగా వస్తాయి. చాలా చోట్ల అలాగే చేస్తున్నారు.

లేత్ మాస్టారు
చేస్తున్నారు, చెడగొడుతున్నారు. చాలా ఇంజన్లలో ట్యాపెట్ ముఖం బల్లపరుపుగా ఉండదు. మధ్యలో కొన్ని వందో వంతుల మి.మీ. ఉబ్బు ఉంటుంది, లోబ్‌కి దానికి తగ్గ కొద్దిపాటి వాలు ఉంటుంది. ఆ రెండూ కలిసే ట్యాపెట్‌ని తిప్పుతాయి. గాజు మీద రుద్ది ఆ ఉబ్బు తీసేస్తే తిరగడం ఆగుతుంది, కొత్త లోబ్ నాశనం. పరీక్ష: రెండు ట్యాపెట్లు ముఖాముఖి ఆనించి పట్టుకోండి. కొంచెం అటూ ఇటూ ఊగితే ఉబ్బు ఉంది. అతుక్కుని కూర్చుంటే పోయింది. అంచుల్లో మాత్రమే తగిలి మధ్యలో వెలుతురు కనిపిస్తే గుంట.
మరీ పాత డిజైన్లలో లోబ్‌కి వాలు ఉండదు. ట్యాపెట్ మధ్య బిందువు లోబ్ మధ్యకి కొంచెం పక్కగా ఉంటుంది, ఆ పక్కతనమే తిప్పుతుంది. అలాంటి వాటికి చదును ముఖమే సరైనది. మీదే రకమో బాగున్న ట్యాపెట్‌ని చూసి తేల్చుకోండి.

ఐడ్లర్ గేరు
ఆ పక్కతనం చెడకుండా ఉండాలంటే క్యామ్ ముందుకీ వెనక్కీ ఎక్కువ ఆడకూడదు. థ్రస్ట్ ప్లేటు ఆట మామూలుగా 0.10 నుంచి 0.40 మి.మీ. లోపు ఉంటుంది, మీ మాన్యువల్ అంకె చూసుకోండి. 0.50 దాటితే ప్లేటు మార్చేయండి.

మూడు సిలిండర్లు
కొత్త క్యామ్, ఆరు ట్యాపెట్ల సెట్టు దొరుకుతోంది, అదే వేస్తాను. విప్పే వరస చెప్పండి. నా ట్యాపెట్లు కింద గొడుగులా వెడల్పు ఉన్నవి.

ఐడ్లర్ గేరు
గొడుగు ట్యాపెట్లయితే పైనుంచి రావు, క్యామ్ బయటికొచ్చాకే కింద నుంచి వస్తాయి.
ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి తెండి. బ్యాటరీ, నీళ్లు, ఆయిల్, రేడియేటర్, ముందు సపోర్టు, క్రాంక్ పుల్లీ, ముందు కవర్ ఆ వరసలో. రాకర్ షాఫ్ట్ బోల్టులు ఒక్కసారిగా వదలకండి, అన్నీ అర చుట్టు చొప్పున వదలాలి, లేకపోతే స్ప్రింగుల బలానికి షాఫ్టు వంగుతుంది. పుష్ రాడ్‌ని పైకి లాగే ముందు కొంచెం తిప్పండి, ఆయిల్ పట్టు వదులుతుంది. అట్టముక్కకి ఆరు రంధ్రాలు పొడిచి, అంకెలేసి, అదే వరసలో గుచ్చి ఉంచండి.
లిఫ్ట్ పంపు తీయడం మరిచిపోయేవాళ్లు బోలెడుమంది. దాని లీవరు క్యామ్ మీద ఉండే గుండు మీద ఆడుతుంది, అది ఉండగా క్యామ్ రాదు, బలవంతం చేస్తే లీవరు విరుగుతుంది. ఆయిల్ పంపు, మీటరు కేబులు క్యామ్ నుంచి నడిచే ఇంజన్లలో అవి కూడా ముందే తీయాలి.
గేర్ల మీద పాత గుర్తులున్నా మీ సొంత గుర్తులు తెల్ల పెయింట్‌తో పెట్టుకోండి. థ్రస్ట్ ప్లేటు బోల్టులు క్యామ్ గేరు రంధ్రాల్లోంచి అందుతాయి. ట్యాపెట్లని అయస్కాంతాలతో గానీ క్లిప్పులతో గానీ పైకెత్తి పట్టాలి, ఇంజన్ బయట ఉంటే బోర్లా తిప్పడం అన్నిటికంటే సుఖం. క్యామ్ ముక్కుకి పొడవాటి బోల్టు బిగించి పిడిలా పట్టుకుని, తిప్పుతూ తిన్నగా లాగండి. లోబ్ అంచులు పదునుగా ఉంటాయి, బుష్‌లు గీరుకుంటాయి.

కొత్త స్పానర్
ఒకసారి గేర్లు బిగించాక ఇంజన్ రెండు చుట్లు తిప్పితే గుర్తులు కలవలేదు. పళ్లు దాటేశాయా?

ఐడ్లర్ గేరు
కంగారొద్దు. క్రాంక్ గేరుకీ క్యామ్ గేరుకీ మధ్యలో ఉండే ఐడ్లర్ గేరు పళ్ల సంఖ్య వల్ల గుర్తులన్నీ మళ్లీ ఒక్కచోట కలవడానికి చాలా చుట్లు పడుతుంది. బిగించేటప్పుడు కలిస్తే చాలు. తేడా అనుమానం ఉంటే ఇలా చూడు. ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకునే టీడీసీలో రెండు వాల్వులూ కొద్దికొద్దిగా, దాదాపు సమానంగా తెరిచి ఉండాలి. ఒకటి పూర్తిగా మూసి ఇంకోటి బాగా తెరిచి ఉంటే పన్ను తప్పింది. క్యామ్ గేరుకి 56 పళ్లు అనుకుంటే ఒక పన్ను తప్పితే క్యామ్ 6.4 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో దాదాపు 13 డిగ్రీలు. డీజిల్‌లో వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ బాగా తక్కువ కాబట్టి స్టార్టర్ ముట్టుకునే ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే ఆపెయ్, బలం పెట్టకు.

లేత్ మాస్టారు
బుష్‌లు ఉన్న ఇంజనైతే వాటినీ కొలవండి. కొత్త బుష్ కొట్టేటప్పుడు ఆయిల్ రంధ్రం బ్లాకు రంధ్రానికి సరిగ్గా రావాలి, తీగ దూర్చి చూడాలి. కొన్నింటిలో రాకర్ షాఫ్ట్‌కి ఆయిల్ క్యామ్ జర్నల్ గుండానే పోతుంది. బుష్ పావు అంగుళం తిరిగి కూర్చుంటే పైన రాకర్లన్నీ ఎండిపోతాయి.

మూడు సిలిండర్లు
విప్పాను. రెండో ఎగ్జాస్ట్ ట్యాపెట్ ముఖం గుంట పడి, అంచున పెచ్చు లేచింది. దాని రంధ్రంలో గోధుమరంగు జిగురు, వేలితో తిప్పితే తిరగలేదు. లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ చీలింది. బిగ్ ఎండ్ షెల్‌లో సన్న గీతలు తప్ప దిగబడిన రజను లేదు. స్ప్రింగు చుట్ల మధ్య ఖాళీ బాగానే ఉంది.

పుష్‌రాడ్ పంతులు
అన్నీ ఒకే కథ చెబుతున్నాయి. రంధ్రాలు ఆరూ సాల్వెంట్‌తో జిగురు వదిలేదాకా రుద్దండి. కొత్త ట్యాపెట్ పొడిగా వేస్తే తన బరువుకి తానే జారి కిందకి రావాలి. బ్లాకు ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పి బ్రష్షు పెట్టి, డీజిల్ కొట్టి, గాలి పట్టండి.

డీజిల్ బాబాయ్
బిగించేటప్పుడు లోబ్‌లకీ, ట్యాపెట్ ముఖాలకీ మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ పేస్టు దట్టంగా రాయండి. జర్నళ్లకి మామూలు ఇంజన్ ఆయిల్ చాలు. ఆయిల్ 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజన్ ఆయిల్. కొత్త పెట్రోలు కార్లకి వాడే పలచటి ఆయిల్ మంచిది కదా అని పోయకండి. వాటిలో క్యామ్‌ని కాపాడే జింకు, ఫాస్ఫరస్ తక్కువ. ఎస్‌ఎన్ రకం (పెట్రోలు ఇంజన్ ఆయిల్ గ్రేడు) 5డబ్ల్యూ-30 లాంటి వాటిలో ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని నియమమే ఉంది.

పాత ఇనుము
మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్టాప్ లాగి ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పాలి. ఇందులో మాత్రం నా మాట తప్పు కాదు.

డీజిల్ బాబాయ్
బేరింగులకి నీ మాట రైటే, కొత్త క్యామ్‌కి కాదురా అబ్బాయ్. స్టార్టర్ వేగంలో ఎంతసేపు తిప్పితే అంతసేపు పేస్టు తుడుచుకుపోతుంది. ప్రెజర్ స్విచ్ రంధ్రం దగ్గర చేతిపంపుతో ఆయిల్ ఎక్కించేయడం మేలు. ఫిల్టర్ కూడా నింపి బిగించాలి. నీళ్లు, డీజిల్ నిండుగా, పైపుల్లో గాలి పూర్తిగా తీసేసి, తాళం తిప్పగానే అందుకునేలా సిద్ధం చేసుకోవాలి. అందుకోగానే ఐడ్లింగ్‌కి వదలకుండా 1200 నుంచి 1500 ఆర్పీఎం మధ్య పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపాలి. ఆయిల్ ప్రెజర్ కనిపించకపోతే మాత్రం వెంటనే ఆపేయాలి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చేసి గ్యాప్ మళ్లీ చూడాలి.

ఫీలర్ గేజ్
గ్యాప్ అంకె మీ ఇంజన్‌దే వాడండి, ఎవరో చెప్పింది కాదు. పెర్కిన్స్ 3.152 రకం ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు 0.30, వేడిగా ఉన్నప్పుడు 0.25. ఫోర్డ్ 3000 ట్రాక్టర్ లాంటి వాటికి ఇన్‌టేక్ 0.38, ఎగ్జాస్ట్ 0.46. ఒకదానిది ఇంకోదానికి పెడితే రెండూ చెడతాయి.

కొత్త స్పానర్
నా దగ్గర వేరే సమస్య. ఇంజన్ నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగింది. తిప్పితే ఒకటో సిలిండర్ రాకర్లు ఆడుతున్నాయి, వెనక రెండు సిలిండర్లవి కదలడం లేదు.

ఐడ్లర్ గేరు
క్యామ్ రెండు ముక్కలైంది. ఇంక తిప్పకు, తెరిచి నిలిచిపోయిన వాల్వులకి పిస్టన్లు తగులుతాయి. పుష్ రాడ్లు, వాల్వులు వంగాయో లేదో చూడాలి, దీనికి మాత్రం హెడ్ దించాలి. ఊరికే విరగదు, మధ్య జర్నల్ పట్టేసి ఉంటుంది, లేదా ట్యాపెట్ ముక్క అడ్డం పడి ఉంటుంది. ఒకటో సిలిండర్‌వి కూడా ఆడకపోతే గేరు కీ తెగిందేమో ముందు చూడాలి.

పాత ఇనుము
అదిగో, హెడ్ దించాల్సిన కేసు ఒకటి దొరికింది నాకు.

కొత్త స్పానర్
పాత ఇంజన్‌లోంచి తీసిన క్యామ్, దాని ట్యాపెట్లు దొరుకుతున్నాయి. కానీ ట్యాపెట్లన్నీ ఒక డబ్బాలో కలిపేశారు.

లేత్ మాస్టారు
అయితే ఆ ట్యాపెట్లు వదిలెయ్. ఏ లోబ్‌తో అరిగింది ఆ లోబ్ మీదకే వెళ్లాలి, వరస తెలియనప్పుడు కొత్తవే వేయాలి, లేదా ఉబ్బుతో సహా ముఖం మళ్లీ గ్రైండ్ చేయించాలి. క్యామ్‌ని మైక్రోమీటర్‌తో కొలువు. ముక్కు నుంచి వెనక దాకా ఎత్తు, దానికి అడ్డంగా వెనక గుండ్రం మందం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే లోబ్ లిఫ్ట్ వస్తుంది. ఒకే రకం లోబ్‌లన్నీ 0.1 లోపు ఒకటిగా ఉండి, ముక్కుల మీద గుంటలు, నీలం మచ్చలు లేకపోతే తీసుకో. తుప్పు చుక్కలు గోరుకి తగిలితే వద్దు. గేరు దానిదే తెచ్చుకుంటే పళ్లు మీ ఐడ్లర్‌తో కలుస్తాయో లేదో పక్కన పెట్టి లెక్కపెట్టుకో.